గల్ఫ్ నుంచి వచ్చి సొంత దుకాణం పెట్టుకున్నవాళ్ళు: ఎందుకు వచ్చారు, ఎట్లా నిలబడ్డారు?

కోరుట్ల అల్యూమినియం | 12 నవంబర్ 2024, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నేను దుబాయిలో పదిహేనేళ్ళుగా అల్యూమినియం, గ్లాసు పని చేస్తున్నాను. 2009లో వచ్చాను. ఏజెంటుకు లక్షా పదివేలు కట్టాను, అదీ ఊళ్ళో మూడు రూపాయల మిత్తికి తెచ్చి. అప్పుడు జీతం 800 దిరహాలు, దిరహం 13 రూపాయలు. ఆ అప్పు తీరేసరికే రెండేళ్ళు పోయాయి. తర్వాత చెల్లి పెళ్ళి, తర్వాత ఇల్లు. ఇప్పుడు ఫోర్‌మన్‌ని, 2,600 దిరహాలు వస్తాయి. చేతిలో ఏడు లక్షలు ఉన్నాయి. వయసు 42. పాప పదో తరగతి.

మొన్న జూన్‌లో సెలవు మీద ఊరికి వచ్చాను. కోరుట్లలో ఏ వీధిలో చూసినా కొత్త ఇల్లు లేస్తోంది. ప్రతి ఇంటికీ స్లైడింగ్ కిటికీలు, గ్లాసు పార్టిషన్లు. ఆ పని చేస్తున్నది ఎవరు అంటే యూపీ, రాజస్థాన్ నుంచి వచ్చిన పిల్లలు. నేను దుబాయిలో చేసే పనే అది. నా ఊళ్ళో ఆ పని చేయడానికి అంత దూరం నుంచి వాళ్ళు వచ్చారు, నేనేమో ఇక్కడికి వచ్చాను. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిరిగొచ్చి సొంతంగా పని పెట్టుకున్నవాళ్ళను అడగాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మీరు వ్యాపారం చేయాలనే వచ్చారా? లేక వచ్చాక వేరే దారి లేక వ్యాపారం పెట్టారా? ఈ రెండూ ఒకటి కాదని నాకు అనిపిస్తోంది. దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మల్యాల ఏసీ మెకానిక్ | 12 నవంబర్ 2024, రాత్రి 11:25

అన్నా, నాది రెండోది. వేరే దారి లేకనే పెట్టాను.

రియాద్‌లో చిన్న కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌గా ఉండేవాణ్ని. 2018 జనవరి నుంచి సౌదీ సర్కారు కొత్త లెవీ పెట్టింది. సౌదీవాళ్ళ కంటే బయటివాళ్ళు ఎక్కువ ఉన్న కంపెనీ ఒక్కో మనిషికి నెలకు 400 రియాళ్ళు కట్టాలి. 2019లో అది 600, 2020లో 800 అవుతుందని ముందే చెప్పారు. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర పద్నాలుగు మందిమి ఉంటే ఆరుగురి ఆకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) రెన్యూ చేయించలేదు. అందులో నేనొకణ్ని. ఆకామా లేకుండా రోడ్డు మీద తిరగలేం కదా. వచ్చేశాను.

వచ్చాక హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీకి వెళ్ళాను. తొమ్మిదేళ్ళ అనుభవం చెప్పాను. ఐటీఐ సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. లేదన్నాను. హెల్పర్‌గా పన్నెండు వేలు ఇస్తామన్నారు. రియాద్‌లో చిల్లర్ ప్లాంట్ మొత్తం ఒక్కణ్నే చూసుకున్న మనిషిని. మన దగ్గర చేతిలో ఉన్న పనికి విలువ లేదు, కాగితానికే విలువ. దుకాణం పెట్టడానికి అసలు కారణం అదే అన్నా. నాకు వ్యాపారం అంటే ఇష్టం కాదు, నా పనిని జీతంలో ఎవరూ లెక్కపెట్టలేదు. గిరాకీ మాత్రం లెక్కపెడుతుంది. ఫ్రిజ్ చల్లబడిందా లేదా అన్నదే చూస్తుంది, సర్టిఫికెట్ అడగదు.

మొదటి ఏడాది నాలుగు నెలలే పని. మార్చి నుంచి జూన్ దాకా తిండి తినడానికి తీరిక ఉండదు, వానలు పడగానే షట్టర్ ముందు కూర్చోవడమే. అప్పుడు బోరు మోటార్ల వైండింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఏడాదంతా పని ఉంది. ఉద్దెర మాత్రం ఇంకా పెద్ద టెన్షన్. చుట్టాలే ఎక్కువ.

కామారెడ్డి కోత మిషన్ | 13 నవంబర్ 2024, ఉదయం 6:10

నాది ఓడిపోయిన కథ. అయినా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

2020లో కరోనా టైంలో వందే భారత్ విమానంలో మస్కట్ నుంచి వచ్చాను. కంపెనీ మూడు నెలల జీతం ఎగ్గొట్టింది. క్వారంటైన్‌లో ఉన్నప్పుడే, ఇక మళ్ళీ పోను, ఊళ్ళోనే ఏదైనా చేస్తాను అని ఒట్టు పెట్టుకున్నాను. ఏం చేయాలి అంటే అందరూ చెప్పిన మాట ఒకటే, వరికోత మిషన్. నీళ్ళు వచ్చాయి, ఎక్కడ చూసినా వరే, మిషన్ కొంటే రెండు సీజన్లలో సగం అప్పు తీరిపోతుంది అన్నారు. సెకండ్‌హ్యాండ్ టైర్ల మిషన్ 15 లక్షలకు కొన్నాను. ఐదు నావి, పది ఫైనాన్స్.

అదే మాట నాలాగే తిరిగొచ్చిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు చెప్పారని నాకు తెలియలేదు. ఆ ఏడు మా మండలంలోనే మిషన్లు రెట్టింపయ్యాయి. గంటకు 2,200 ఉన్న రేటు 1,700కు దిగింది. వానాకాలం కోతకు పొలం తడిగా ఉంటే టైర్ల మిషన్ దిగబడుతుంది, చైన్ మిషన్ కావాలి. అది నా దగ్గర లేదు. కోత ఏడాదికి రెండు సార్లు, ఒక్కోసారి పాతిక రోజులు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం నెల నెలా. రైతులు "వడ్ల పైసలు పడ్డాక ఇస్తా అన్నా" అంటారు. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో వాళ్ళ వడ్లు తూకం అయ్యేదెప్పుడు, డబ్బులు పడేదెప్పుడు? వాళ్ళ తప్పు కాదు, నా దగ్గర ఆగేంత పైసలు లేవు.

మస్కట్‌లో నేను చేసింది ప్లంబింగ్. మిషన్ గురించి నాకు ఒక్క బోల్టు కూడా తెలియదు. డ్రైవర్ ఏది చెబితే అదే. నాలుగు సీజన్లు నడిపి ఏడు లక్షలకు అమ్మేశాను. ఇప్పుడు బహ్రేన్‌లో ఉన్నాను, మళ్ళీ ప్లంబర్‌గానే.

కోరుట్ల అన్నా, మీరు మీ పనే పెట్టుకుంటున్నారు. నేను చేయనిది అదే.

రాజోలు ట్రావెల్స్ | 13 నవంబర్ 2024, ఉదయం 8:02

మాది కోనసీమ అండి. కువైట్‌లో పన్నెండేళ్ళు డ్రైవరుగా చేశాను. వచ్చాక ఒక కారు కొని ఎయిర్‌పోర్టు ట్రిప్పులు వేస్తున్నాను, రాజమండ్రి, విశాఖ, అప్పుడప్పుడు శంషాబాద్. వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు అంతా గల్ఫ్ వాళ్ళే. నాకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళందరూ కువైట్‌లో నా కారు ఎక్కినవాళ్ళే, అదే నా పెట్టుబడి అనుకోండి.

ఒక్క మాట. మా వ్యాపారం అంతా గల్ఫ్ డబ్బు మీదే నడుస్తుంది. 2020లో విమానాలు ఆగిపోతే నా కారు ఏడు నెలలు ఇంటి ముందే ఉంది.

మల్యాల ఏసీ మెకానిక్ | 13 నవంబర్ 2024, ఉదయం 8:30

రాజోలు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నా గిరాకీ కూడా అంతే. మా దగ్గర ఏసీలు పెట్టించుకున్న ఇళ్ళు చూస్తే, సగానికి పైగా కొడుకో అల్లుడో దుబాయిలోనో సౌదీలోనో ఉన్న ఇళ్ళే. కోరుట్లలో లేస్తున్న ఇళ్ళలో ఎన్ని గల్ఫ్ పైసలతో కడుతున్నవో ఒకసారి చూసుకోండి.

షార్జా లెక్కలు | 13 నవంబర్ 2024, మధ్యాహ్నం 1:15

కోరుట్ల అన్నా, చేతిలో ఏడు లక్షలు అన్నారు. ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ లెక్క వేసుకున్నారా? యూఏఈలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. కానీ అది బేసిక్ మీద, మొత్తం జీతం మీద కాదు. చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేసుకొని ఊళ్ళో అడ్వాన్సులు ఇచ్చేస్తారు. మీ బేసిక్ ఎంత? ఒకటే కంపెనీలో ఉన్నారా?

కోరుట్ల అల్యూమినియం | 13 నవంబర్ 2024, రాత్రి 9:50

ఒకటే కంపెనీ అన్నా. బేసిక్ 1,200. మిగతాది అలవెన్సులు.

షార్జా లెక్కలు | 13 నవంబర్ 2024, రాత్రి 10:05

అయితే రోజుకు 40 దిరహాలు. మొదటి ఐదేళ్ళకు 4,200, తర్వాతి పదేళ్ళకు 12,000. మొత్తం 16,200 దిరహాలు. ఇప్పటి రేటుకు మూడు లక్షల డెబ్బై వేల చిల్లర. పదిహేనేళ్ళ కష్టానికి అంతే. మీరు ఎనిమిది లక్షలు వస్తుందని అనుకొని ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

కోరుట్ల అల్యూమినియం | 13 నవంబర్ 2024, రాత్రి 10:12

నేను ఏడు లక్షలు అనుకున్నాను.

రాజంపేట వంటగది | 14 నవంబర్ 2024, మధ్యాహ్నం 3:40

ఇక్కడ అందరూ మగవాళ్ళే రాస్తున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను. మా కడప వైపు నుంచి కువైట్ పోయేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. ముప్పై ఏళ్ళు నిండకుండా ఇంటి పనికి పంపకూడదని రూలు ఉంది కదా, నేను 2011లో నిండగానే పోయినాను. పిల్లోడికి ఐదేళ్ళు, పాపకు మూడు. 45 దినార్ల జీతం. వంట, ఇల్లు, వాళ్ళ పిల్లలు అన్నీ నేనే. పదకొండేళ్ళు.

ఎందుకు వచ్చినావు అంటే ఒకటే కారణం. మా పాప పెద్దమనిషి అయిన రోజు నేను ఫోనులో చూసినాను. ఆ ఫోను పెట్టేసినాక మేడంకి చెప్పినాను, ఈ అగ్రిమెంటు అయిపోతే పోతానని.

వచ్చి చూస్తే నేను పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు నా పేరు మీద లేదు. ఆ విషయం ఇంకా తేలలేదు, దాని గురించి ఇక్కడ రాయను. కానీ పోయేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ముందు మీ పేరుతో ఒక ఖాతా తెరిచి, అందులోకి నెలకు ఇంత అని వేసుకోండి. ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేను ఆఖరి మూడేళ్ళు అట్లా వేసుకున్న రెండు లక్షల నలభై వేలే నాకు దక్కినాయి.

దానితోనే వంట మొదలుపెట్టినాను. రాజంపేట, రాయచోటి పక్క కువైట్ నుంచి వచ్చిన కుటుంబాలు బోలెడు. వాళ్ళ పిల్లలకు మజ్బూస్ అన్నం అంటే ప్రాణం. నల్లగా ఎండిన నిమ్మకాయ వేసి, మాంసం ఉడికిన నీళ్ళతో అన్నం వండుతారు, అది మన బిర్యానీ మసాలాతో రాదు. మొదట శుక్రవారం ఒక్కరోజు, ఇంటి దగ్గరే, ఆరు కిలోల బియ్యం. ఇప్పుడు నికాలకు, పుట్టినరోజులకు ఆర్డర్లు వస్తాయి. ఇద్దరు ఆడవాళ్ళకు కూలి ఇస్తున్నాను, ఇద్దరూ కువైట్ నుంచి వచ్చినవాళ్ళే.

నన్ను ఒక మేడం పదకొండేళ్ళు పేరు పెట్టి పిలవలేదు. ఇక్కడ "అక్కా, పదిహేను కిలోలు కావాల" అని ఫోను వస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఆర్మూర్ ఇల్లాలు | 14 నవంబర్ 2024, రాత్రి 8:20

రాజంపేట అక్కా, మీ పోస్టు చదివి ఏడ్చాను.

నేను పోయినదాన్ని కాదు, ఇక్కడ ఉండిపోయినదాన్ని. మా ఆయన సౌదీలో పంతొమ్మిదేళ్ళు. రెండేళ్ళకోసారి రెండు నెలలు వచ్చేవారు. ఆ పంతొమ్మిదేళ్ళూ బీడీలు చేశాను, ఎకరంన్నర పొలం చూశాను, అత్తమామలను చూశాను. మహిళా సంఘంలో అప్పు తీసుకున్నాను, ఒక్క కిస్తీ తప్పకుండా కట్టాను. ఊళ్ళో ఎవరు తీసుకున్నది తిరిగి ఇస్తారో, ఎవరు ఇవ్వరో నాకు తెలుసు.

ఆయన వచ్చాక నాకు ఒక్క మాట చెప్పకుండా దోస్తు ఒకరు చెప్పారని టెంట్ హౌస్ పెట్టారు. కుర్చీలు, వంట గిన్నెలు, షామియానాలు, ఆరు లక్షలు. పెట్టిన రెండు వారాలకే మూఢం వచ్చింది. మూడు నెలలు ఒక్క పెళ్ళి లేదు. అడగకుండా ఎట్లా పెట్టావని నేనంటే, నా పైసలు నా ఇష్టం అని ఆయనన్నారు. ఇద్దరం మాట్లాడుకోకుండా చాలా రోజులు ఉన్నాం.

అసలు సంగతి ఏమంటే ఆయనకు ఊరు తెలియదు. ఆయన మనసులో ఉన్నది పోయినప్పటి ఊరు. చిన్నప్పటి దోస్తు అని ఎవరికి సామాను ఉద్దెర ఇచ్చారో, ఆ మనిషి ఊళ్ళో అందరికీ బాకీ ఉన్నవాడని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. చివరికి లెక్కల పుస్తకం నేను తీసుకున్నాను. అడ్వాన్సు ఇవ్వకుండా ఒక్క కుర్చీ బయటికి పోదు. లేని సీజన్‌లో గిన్నెలు కుల సంఘాల భోజనాలకు, అయ్యప్ప పూజలకు ఇస్తున్నాం. ఇప్పుడు ఐదో ఏడు, నడుస్తోంది.

కోరుట్ల తమ్ముడూ, పాప పదో తరగతి అని రాశావు, పైసలెన్నో రాశావు. నీ భార్య ఏమంటుందో మాత్రం రాయలేదు. ఆమెను అడిగావా?

సిరిసిల్ల సాంచెలు | 15 నవంబర్ 2024, ఉదయం 11:00

గల్ఫ్ కాదు కానీ మాదీ వలసే. మా నాన్న, నేను మహారాష్ట్రలోని భివండీలో పద్మానగర్‌లో ఉండేవాళ్ళం. సాంచెల (పవర్‌లూమ్‌ల) మీద పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. 2006లో తిరిగొచ్చి నాలుగు పాత సాంచెలు కొని ఆసామినయ్యాను. సేటు నూలు ఇస్తాడు, మేము గుడ్డ నేసి మీటరుకు ఇంత అని తీసుకుంటాం. లెక్క చూస్తే భివండీలో వచ్చిన దానికంటే ఎక్కువేమీ కాదు. అయినా ఎందుకు వచ్చావంటే, అక్కడ ఇరవై ఏళ్ళున్నా కార్మికుడినే. ఇక్కడ నాలుగు సాంచెలు ఉంటే ఆసామి అంటారు. మా నాన్న ఆ మాట వినే పోయారు. దీన్ని పైసల్లో లెక్కకట్టలేం.

2017లో సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చాక బాగా నడిచింది. ఎనిమిది సాంచెలు చేశాను, అప్పు తెచ్చి. ఈ ఏడు ఆ ఆర్డరు లేదు. ఎనిమిదిలో మూడు తిరుగుతున్నాయి. సొంతం అనుకున్నాను, కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు నేను మళ్ళీ కూలివాణ్నే. పని పెట్టుకునేవాళ్ళు కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసుకోండి. ఒక్క బిల్డర్‌ను నమ్ముకొని షెడ్డు వేయకండి.

వలస చదువు | 15 నవంబర్ 2024, సాయంత్రం 6:35

నేను వలసల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఈ చర్చ చదువుతుంటే టర్కీ గుర్తొచ్చింది. జర్మనీ ప్రభుత్వం 1983లో ఒక చట్టం చేసి, సొంత దేశానికి తిరిగిపోయే కార్మికుడికి 10,500 మార్కులు, ఒక్కో బిడ్డకు మరో 1,500 మార్కులు ఇస్తామంది. అట్లా 1984లో తిరిగి వచ్చిన టర్కీ కార్మికులను కొన్నేళ్ళ తర్వాత సర్వే చేస్తే, వచ్చాక పని చేస్తున్నవాళ్ళలో ఎక్కువమంది జీతానికి కాదు, సొంత పనిలోనే ఉన్నారని తేలింది. మల్యాల అన్న చెప్పిన మాటకు ఇది దగ్గరగా ఉంది.

కేరళలో ప్రవాసుల వ్యవహారాలు చూసే నోర్కా శాఖ తిరిగొచ్చినవాళ్ళ కోసమే ఒక పథకం నడుపుతోంది. కనీసం రెండేళ్ళు విదేశంలో పనిచేసి వచ్చినవాళ్ళు 30 లక్షల లోపు యూనిట్ పెడితే 15 శాతం, గరిష్ఠంగా మూడు లక్షల సబ్సిడీ, మొదటి నాలుగేళ్ళు మిత్తిలో 3 శాతం రాయితీ. తెలంగాణలో ఈ ఏడు గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఐదు లక్షల సాయం మొదలైంది, ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ పెట్టారు. మంచిదే. కానీ బతికి తిరిగొచ్చినవాడికి కేరళలో ఉన్నటువంటిది కావాలి. గల్ఫ్ కార్మికుల కోసం బోర్డు కావాలని అడుగుతున్నది ఇందుకే కదా.

బ్రాంచి ఉద్యోగి | 16 నవంబర్ 2024, రాత్రి 9:10

నేను జగిత్యాల జిల్లాలోనే ఒక గ్రామీణ శాఖలో పనిచేస్తాను. ప్రత్యేక పథకం వచ్చేదాకా ఉన్నవాటిని వాడుకోవచ్చు. కోరుట్ల గారి పనికి పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టేవాళ్ళకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) సరిగ్గా సరిపోతుంది. అల్యూమినియం కిటికీల తయారీ అంటే తయారీ రంగం కిందికి వస్తుంది, 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. పది లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

సబ్సిడీ మనిషిని బట్టి, చోటును బట్టి ఉంటుంది. బీసీలు, ఎస్సీ, ఎస్టీలు, మైనారిటీలు, మహిళలకు గ్రామంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. సొంత వాటా 5 శాతం చాలు. కోరుట్ల మున్సిపాలిటీ. అదే షెడ్డు గ్రామ పంచాయతీ పరిధిలో వేస్తే పది శాతం ఎక్కువ. తొమ్మిది లక్షల ప్రాజెక్టు అనుకోండి, మీరు పెట్టేది 45 వేలు, సబ్సిడీ 3 లక్షల 15 వేలు. అది చేతికివ్వరు, మూడేళ్ళు మీ పేరున డిపాజిట్‌గా ఉంటుంది, అప్పులో అంత మొత్తానికి మిత్తి పడదు. ముందే మొదలుపెట్టిన యూనిట్‌కు ఇవ్వరు. మిషన్లు కొనేసి వచ్చి అడిగేవాళ్ళను చాలామందిని చూశాను, తిప్పి పంపాల్సి వచ్చింది, బాధగా ఉంటుంది.

ఇంకో చిక్కు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ అప్పు చరిత్ర ఉండదు. పదిహేనేళ్ళు నిజాయితీగా సంపాదించిన మనిషి సిబిల్‌లో ఖాళీ కాగితం. మేనేజర్ భయపడతాడు. ఆర్మూర్ అక్క అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతాను. మీ ఇంట్లోవాళ్ళు మహిళా సంఘంలో ఉన్నారా? ఉంటే ఆమె పేరు మీద దరఖాస్తు పెట్టండి. సంఘం అప్పులు సరిగ్గా కట్టిన ఆడవాళ్ళ రికార్డు మా దగ్గర మీకంటే గట్టిగా ఉంటుంది. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తారు కాబట్టి ఆలోచించి పెట్టండి.

కోరుట్ల అల్యూమినియం | 16 నవంబర్ 2024, రాత్రి 11:30

సార్, చాలా విలువైన మాట చెప్పారు. సంఘంలో ఉంది, పదకొండేళ్ళుగా. ఇంటర్ చదివింది. కానీ పని నాది, పేరు ఆమెది అంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఇన్నేళ్ళు ఎవడి కిందో చేశాను. దుకాణం మీద నా పేరు చూసుకోవాలని ఒక ఆశ. సిరిసిల్ల అన్న చెప్పాడు కదా, ఆసామి అని.

ఆర్మూర్ ఇల్లాలు | 17 నవంబర్ 2024, ఉదయం 7:05

తమ్ముడూ, బోర్డు మీద నీ పేరు రాసుకో, ఎవరు వద్దన్నారు. కాగితం మీద ఆమె పేరు ఉండనీ. ఆమె పదిహేనేళ్ళు నీ పేరు మీదనే బతికింది. నువ్వు ఇంకా దుబాయిలో ఉండగానే ఆమె పని మొదలుపెట్టవచ్చు, అది చూడు. జీతం ఆగకముందే దుకాణం నిలబడుతుంది.

మల్యాల ఏసీ మెకానిక్ | 17 నవంబర్ 2024, ఉదయం 7:40

ఈ మాట నాకు 2018లో చెప్పేవాళ్ళు ఉంటే ఎంత బాగుండేది.

వేములవాడ తమ్ముడు | 19 నవంబర్ 2024, రాత్రి 8:55

అన్నలూ, నాకు 23 ఏళ్ళు. బైక్ షెడ్డులో హెల్పర్‌గా చేస్తున్నాను. సొంత షెడ్డు పెట్టాలని ఉంది, పైసలు లేవు. దుబాయి పోయి మూడేళ్ళు చేసి పెట్టుబడి తెచ్చుకుందామని చూస్తున్నాను. ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికి పోయాక మారుస్తా అంటున్నాడు. 90 వేలు అడుగుతున్నాడు.

కోరుట్ల అల్యూమినియం | 19 నవంబర్ 2024, రాత్రి 10:20

తమ్ముడూ, విజిట్ వీసా మీద మాత్రం రావద్దు. ఇప్పుడు ఇక్కడ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) నడుస్తోంది, సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించారు. ఔట్‌పాస్ (ఇంటికి పోవడానికి ఇచ్చే కాగితం) కోసం లైన్లో నిలబడుతున్న మన పిల్లల్లో చాలామంది అట్లా వచ్చి కల్లివెల్లి అయినవాళ్ళే, అంటే సరైన వీసా లేకుండా ఉండిపోయినవాళ్ళే. కొందరితో నేను మాట్లాడాను. పగలు దాక్కొని రాత్రి పని చేసి, చివరికి టికెట్టు పైసలు ఇంటి నుంచే తెప్పించుకుంటున్నారు.

లెక్క కూడా చూడు. లేబర్‌కు 1,000 దిరహాలు ఇస్తారనుకో. తిండికి, ఫోనుకు 400 పోతే 600 మిగులుతాయి, అంటే పద్నాలుగు వేల లోపు. అందులో మిత్తితో కలిపి అప్పుకే మొదటి ఏడాదిలో చాలా నెలలు పోతాయి. ఇంటి ఖర్చు వేరే. మూడేళ్ళకు నువ్వు అనుకున్న పెట్టుబడి రాదు, ఇంకో మూడేళ్ళు అంటావు. నేనూ మూడేళ్ళకనే వచ్చాను.

బ్రాంచి ఉద్యోగి | 20 నవంబర్ 2024, ఉదయం 9:30

తమ్ముడూ, ఆ 90 వేలకు అప్పు చేసే బదులు చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోన్ అడుగు. 50 వేల దాకా శిశు, ఆపైన ఐదు లక్షల దాకా కిశోర్, దానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. ముందు నీ మేస్త్రీ దగ్గర ఇంజిన్ పని పూర్తిగా నేర్చుకో. ఏ బ్రాంచిలో కాదన్నారో, ఏ కారణం చెప్పారో ఇక్కడ రాయి, చూద్దాం.

కోరుట్ల అల్యూమినియం | 9 ఫిబ్రవరి 2025, రాత్రి 9:15

అందరికీ నమస్తే. నలభై రోజుల సెలవు మీద ఊరికి పోయి నిన్ననే దుబాయికి వచ్చాను. ఏం జరిగిందో చెప్పాలి కదా.

మొదట ఇంట్లో అడిగాను. ఆమె నవ్వి, "నువ్వు అడుగుతావని పదేళ్ళుగా చూస్తున్నా" అంది. బండి మీద ఇద్దరం మా ఊరి నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాకా తిరిగాం. కడుతున్న ఇళ్ళు 26 లెక్కపెట్టాం. మల్యాల అన్న చెప్పినట్టు అడిగి చూస్తే అందులో 15 గల్ఫ్ పైసలతో కడుతున్నవే. మిగతావి టీచర్లవి, వ్యాపారులవి, భూమి అమ్ముకున్నవాళ్ళవి. అందుకని ఇళ్ళ మీదే ఆధారపడకూడదని బడులు, ఆసుపత్రులు, దుకాణాల ముందు పార్టిషన్ పని కూడా చేద్దామనుకున్నాం. ఎవరు బాకీలు ఎగ్గొడతారో ఆమెకు ఊరూరా తెలుసు. నాలుగు ఇళ్ళ దగ్గర ఆగకుండానే ముందుకు పోనిచ్చింది.

యూపీ పిల్లలతో కూడా మాట్లాడాను. దుబాయి పుణ్యమా అని హిందీ బాగా వచ్చు. వాళ్ళలో ఒకతనిది గోరఖ్‌పూర్ పక్కన ఊరు, ఆరేళ్ళుగా కోరుట్లలో ఉంటున్నాడు. ఒకే గదిలో ఏడుగురు. ఊళ్ళో చిన్న పాప, వీడియో కాల్‌లో చూపించాడు. నేను దుబాయిలో సోనాపూర్ లేబర్ క్యాంపులో ఎట్లా ఉన్నానో అతను మా ఊళ్ళో అట్లా ఉన్నాడు. మొదట్లో వాళ్ళను పోటీ అనుకున్నాను. ఇప్పుడు అతను, ఇంకో పిల్లగాడు నాతో పని చేస్తామన్నారు. గది కిరాయి నేను కట్టాలని ఆమే అంది.

మా బావమరిది ఇంటికి నాలుగు కిటికీలు అద్దె మిషన్‌తో నేనే చేసి బిగించాను. రబ్బరు బీడింగ్ సరిగ్గా కూర్చునేదాకా రెండుసార్లు విప్పి పెట్టాను. కూలి తీసుకోనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. చుట్టమైనా బిల్లు బిల్లే అని పాపతో రాయించి ఇచ్చింది. బిల్లు పైన పాప నా పేరు, కింద సంతకం దగ్గర వాళ్ళ అమ్మ పేరు రాసింది.

దరఖాస్తు ఆమె పేరు మీదే పెట్టాం, షెడ్డు మా ఊరి పంచాయతీలో, ప్రాజెక్టు తొమ్మిది లక్షలు. ఆ పథకం ట్రైనింగ్ ఆన్‌లైన్‌లో చేస్తోంది. నేను జూన్ దాకా ఉండి నోటీసు ఇస్తాను. కటింగ్ మిషన్, క్రింపింగ్ మిషన్ కొటేషన్లు తెచ్చాం, కొనలేదు, బ్యాంకు సార్ చెప్పినట్టు.

కామారెడ్డి కోత మిషన్ | 9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

చాలా సంతోషం అన్నా. మీరు జూన్‌లో వచ్చాక ఒకసారి ఫోను చేస్తాను. మెట్‌పల్లి వైపు ప్లంబింగ్ ఎట్లా ఉందో కొంచెం చూసి చెప్పండి. ఆ 26 ఇళ్ళకు నల్లాలు కూడా పెట్టాలి కదా.

మల్యాల ఏసీ మెకానిక్ | 10 ఫిబ్రవరి 2025, ఉదయం 6:50

కోరుట్ల అన్నా, కటింగ్ మిషన్‌కు త్రీ ఫేజ్ కరెంటు కావాలి. అప్పు మంజూరై షెడ్డు పని మొదలైన రోజే మీటరుకు అప్లై చేయించండి, మిషన్లు వచ్చాక చేస్తే అవి దుమ్ము పట్టుకుంటూ కూర్చుంటాయి. లైను స్తంభం షెడ్డుకు ఎంత దూరం ఉంది?

కోరుట్ల అల్యూమినియం | 10 ఫిబ్రవరి 2025, ఉదయం 7:15

రెండు స్తంభాల దూరం అన్నా. ఈ రోజే ఆమె కరెంటు ఆఫీసుకు పోయి అడిగి వస్తానంది. ఏమన్నారో సాయంత్రం రాస్తాను.